చివరి వరుసలో పేరు

“ఐదింటికి కమిటీ కూర్చుంటుంది. ఆ వెనకాలే పోలీసులు. ఈలోగా ఆవిణ్ణి ఏం అడగాలో అడిగేసుకోండి గురువు గారూ,” అన్నాడు గడియారం, మణికట్టు తిప్పి చూసుకుంటూ.

ఆ పేరు అతనికి పెట్టింది గురువు నిదానమే. నిజానిజాలు ఆరా తీసే పని నేర్చుకోవడానికి తన దగ్గరికి వచ్చిన కొత్తలో ఆ కుర్రాడు మాటకోసారి టైము చూసుకునేవాడు. పేరు అతుక్కుపోయింది. గురువుకి నిదానం అన్న పేరు పెట్టింది మాత్రం లోకం. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు. తొందరేముందని.

ఇప్పుడు శిష్యుడు కంపెనీ తరఫున విచారణ అధికారి. గురువును ఎవరూ పిలవలేదు. గేటు దగ్గర “ఎవరి తరఫున వచ్చారు?” అని అడిగితే “మా ఇంటావిడ తరఫున” అన్నాడు. గేటువాడు నవ్వి లోపలికి పంపాడు.

“మీకెందుకండీ ఈ గొడవ? కమిట్ అంటే తెలుసా మీకు? బ్రాంచి అంటే?”

“నువ్వు చెప్పు. నేర్పినవాడికి తిరిగి నేర్పితే పుణ్యం.”

గడియారం నిట్టూర్చాడు. “ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా దాన్ని చరిత్రలో చేరుస్తారు. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎందుకు అని మెసేజ్ రాసి మరీ. అది కమిట్. అసలు ప్రోగ్రాము చెడకుండా పక్కన నకలు పెట్టుకుని పనిచేస్తే అది బ్రాంచి. పని అయ్యాక అసలుదాంట్లో కలిపేస్తారు. చాలా?”

“పిల్లకాలువ,” అన్నాడు నిదానం. “పెద్దకాలువ నుంచి విడదీసి, మళ్ళీ పెద్దకాలువలోకి వదిలేది.”

“మీ ఇష్టం, కాలువే అనుకోండి. అందులో విషం కలిపిందెవరో నీళ్ళ మీదే రాసి ఉంది.” కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు.

ఆసుపత్రిలో మంచం పక్కన స్తంభానికి తగిలించి, నరంలోకి మందును కొలిచి ఎక్కించే పంపులుంటాయి. వాటిని నడిపించే ప్రోగ్రాములు రాసే కంపెనీ అది. కొత్త వెర్షన్‌ను ముందుగా పొరుగూరి ఆసుపత్రి ఒకదాంట్లో పెట్టి చూస్తున్నారు. మూడు రోజుల కిందట అక్కడ ఒక నర్సు అలసటలో ఒక సున్నా ఎక్కువ నొక్కింది. అలాంటప్పుడు పంపు మొరాయించి కూత పెట్టాలి. పెట్టలేదు. పదింతల మందు ఎక్కడం మొదలుపెట్టింది. నర్సు పక్కనే నిలబడి ఉండబట్టి ఆ రోగి బతికి బయటపడ్డాడు. కూత పెట్టించే తనిఖీ ప్రోగ్రాములో నుంచి మాయమైందని తర్వాత తేలింది.

తెర మీద ఆ కమిట్ ఉంది. ‘మోతాదు తనిఖీ తీసివేత. అనవసరమైన కూతలు తగ్గించడానికి. చెప్పింది: మూడో వార్డు నర్సు.’ రాసినవారి పేరు దగ్గర ‘అక్క’ అని ఉంది. కంపెనీలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. కంప్యూటర్లోనూ ఆవిడ అదే పేరు పెట్టుకుంది.

“సంతకం పెట్టి మరీ చేసింది,” అన్నాడు గడియారం. “అడిగితే అవుననదు, కాదనదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.”

“తేలు కుట్టినా అరవనివాళ్ళు రెండు రకాలు.”

“దొంగ ఒక రకం. రెండో రకం?”

“అరిస్తే పక్కవాళ్ళకి నిద్ర పాడవుతుందనుకునేవాళ్ళు,” అని నిదానం లేచాడు.

అక్కను కూర్చోబెట్టిన గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు తెల్లబోర్డు. ఎప్పటిదో లెక్క ఒకటి సగం చెరిపి ఉంది. ఆవిడకు నలభై ఐదు దాటి ఉంటాయి. ముందున్న మంచినీళ్ళ కప్పు మీద సాసరు బోర్లించి పెట్టుకుంది. పోలీసులు రాబోతున్న గదిలో కూడా నీళ్ళలో దుమ్ము పడకూడదనుకునే మనిషి. నిదానం ఆ సాసరు వైపే చూశాడు కాసేపు.

“అమ్మా, నేనెవరో మీకు తెలియదు. మీరెవరో నాకూ పొద్దున దాకా తెలియదు,” అన్నాడు. “రెండేళ్ళ కిందట మా ఇంటావిడకి మందు ఎక్కిస్తుంటే పంపు కూత పెట్టి ఆగిపోయింది. చూస్తే అంకె తప్పు. ఆ మోతాదు వెళ్ళి ఉంటే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ కూత ఎవరు పెట్టించారని అడిగాను. కంపెనీ పేరు చెప్పారు. కంపెనీకి దండం ఎలా పెడతాం? మనిషెవరు అన్నాను. ఎవరికీ తెలియలేదు. ఇవాళ పొద్దున వార్డులో నర్సమ్మ చెప్పింది, ఆ కూత పెట్టించిన అక్కని పోలీసులకి పట్టిస్తున్నారట అని. అటునుంచి ఇటే వచ్చాను.”

చెప్పడం అయ్యాక ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆయన ఏడాదిలో మాట్లాడే మాటల్లో సగం అప్పటికే ఖర్చయిపోయాయి.

అక్క చప్పున లేవబోయి, లేవలేక, కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. “అయ్యో, పెద్దవారు మీరు... ఆవిడ ఎలా ఉన్నారిప్పుడు?”

“బాగుంది. నన్ను తిట్టేంత బాగుంది. నెలకోసారి మందు ఎక్కించాలి. ఇవాళే. నాలుగు దాటాక మొదలుపెడతామన్నారు. అదే వార్డు, అదే నర్సమ్మ.”

“మూడో వార్డు,” అంది అక్క మెల్లిగా.

“ఆ. ఆ తనిఖీ పెట్టినప్పుడు మెసేజ్ ఏం రాశారో గుర్తుందా?”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకోకుండానే చెప్పింది, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు. “మోతాదు మామూలుకంటే బాగా ఎక్కువైతే ఆపి కూత పెట్టాలి. చేతితొడుగుతో నొక్కితే సున్నా ఒక్కోసారి రెండుసార్లు పడుతోంది. మనిషి అలసిపోతే పంపు మెలకువగా ఉండాలి. చెప్పింది: మూడో వార్డు నర్సు.”

“అంత పొడుగు ఎందుకమ్మా?”

“ఏం మార్చామో కోడే చెబుతుందండీ. ఎందుకు మార్చామో అది చెప్పలేదు. రేపు ఎవరో వచ్చి, ఇదెందుకు దండగ అని తీసేయకుండా ఆ మెసేజే కాపలా కాయాలి.”

“చివర్న పేరు?”

“అది నాకు తోచిన సంగతి కాదుగా. చెప్పినవాళ్ళ పేరు పెట్టకపోతే సొమ్మొకడిది, సోకొకడిది అవుతుంది.”

నిదానం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “దాన్ని తీసేసింది మీరేనా?”

అక్క కప్పు వైపు చూసింది.

“కాదని ఒక్క మాట అంటే చాలు.”

“కాదంటే, మరి ఎవరు అని అడుగుతారు,” అంది.

తలుపు దగ్గర నిలబడ్డ గడియారం గొంతు సవరించుకున్నాడు. నిదానం ఆ మాటను అక్కడే వదిలేశాడు. పండు తనంతట రాలుతున్నప్పుడు కొమ్మ ఊపితే కాయలు కూడా రాలతాయి.

“ప్రమాదం జరిగాక ఇక్కడ ఏమైనా మారిందా?”

“మర్నాడు పొద్దున సర్వర్ మార్చామన్నారు. పాత కాపీలు చెరిపేసి, అందరూ కొత్తగా దింపుకోమన్నారు.”

“ఎవరన్నారు?”

అక్క సాసరు అటూ ఇటూ సర్దింది. “మెయిల్ వచ్చింది.”

నిదానం వరండాలోకి వచ్చి ఫోను తీశాడు. గడియారం కూడా వినేలా స్పీకరు నొక్కి వార్డుకు కలిపాడు.

“నర్సమ్మా, ఒక్క మాట. పంపు కూతలు తగ్గించమని నువ్వు అక్కకి చెప్పావా?”

“నేనా? ఆ కూత వినబడితేనే కదండీ నాకు రాత్రి డ్యూటీలో ధైర్యం. ఎవరన్నారా మాట?”

“నువ్వు చెప్పావని కమిట్‌లో రాసి ఉంది.”

 “అయితే అది అక్క రాసింది కాదు. నా పేరు పెట్టేముందు ఆవిడ ఫోను చేసి, రాసిందంతా చదివి వినిపిస్తుంది. ఇలా రాయనా అమ్మా, నువ్వన్నది ఇదేనా అని అడుగుతుంది. నేను సరే అంటేనే పెడుతుంది. ఒకసారి నేను స్నానానికి వెళితే గంటసేపు ఆగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మాట నాకు చదివి వినిపించినవాళ్ళు ఎవరున్నారండీ? చెప్పండి ఆ కమిటీకి, కావాలంటే నేను వస్తాను.”

ఫోను పెట్టేశాక నిదానం శిష్యుడి వైపు చూశాడు.

“ఆవిడలాగా రాయాలని చూశారు. చివరి వరుసలో పేరు పెట్టడం దాకా చూశారు. చదివి వినిపిస్తుందని తెలియదు.”

“నర్సు మరిచిపోయి ఉండొచ్చు,” అన్నాడు గడియారం. కానీ మణికట్టు చూసుకోలేదు. “అయినా కమిటీకి నోటిమాట పనికిరాదు గురువు గారూ. చరిత్రలో ఉన్నది ఉన్నట్టు చూస్తారు.”

“ఆ చరిత్రనే ఎవరో తిరగరాశారేమో.”

“రాశారనే అనుకోండి. పాతది ఏది? ఇరవై మందీ పాత కాపీలు చెరిపేశారు. ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వెళ్ళి చూశాను.”

“మనుషుల్ని చూశావు. మెయిల్ చదవనివాళ్ళని చూశావా?”

“మెయిల్ చదవనివాళ్ళెవరుంటారు? టెస్టు మెషీన్ ఒక్కటే చదవదు.” అని, తను అన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

“ఎక్కడుంటుంది అది?”

“మెట్ల కింద.”

ముగ్గురూ వెళ్ళారు. రావమ్మా అంటే అక్క మారుమాట లేకుండా వచ్చింది గానీ, నడకలో ఇష్టం లేదు.

మెట్ల కింద గదికి కిటికీ లేదు. ఒక మూల తుడిచే గుడ్డల బకెట్టు, గోడకు చీపురు, పాత కుర్చీ ఒకటి, దాని పక్కన తెర తగిలించిన నల్లటి పెట్టె. అందరూ తెరిచే ప్రతి బ్రాంచినీ తన దగ్గరికి దింపుకుని, సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడం దాని పని. పెట్టె మీద ‘దీన్ని ఆపవద్దు’ అని కాగితం అంటించి ఉంది. అక్షరాలు అక్కవే. వెనక నుంచి వైరు కిందకి వేలాడుతోంది. ప్లగ్గు నేల మీద ఉంది.

“ఊడ్చేవాళ్ళు లాగేసి ఉంటారు,” అన్నాడు గడియారం.

నిదానం మోకాళ్ళ మీద కూర్చుని ఆ పెట్టె వెనక వైపు చూశాడు. గాలి బయటికి ఊదే జాలీ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాలెగూడు. మధ్యలో సాలీడు, పెళ్ళివారింటికి ముందుగా వచ్చిన చుట్టంలా తీరుబడిగా కూర్చుంది.

“ఊడ్చేవాళ్ళు వచ్చి ఉంటే ఇది ఉండదు. ఈ మెషీన్ నడుస్తూ ఉన్నా ఇది ఉండదు. గాలి కొట్టే చోట సాలీడు ఇల్లు కట్టుకోదు. రెండు మూడు రోజుల గూడు ఇది. ప్రమాదం జరిగిన రోజే ఎవరో పనిగట్టుకుని లాగారు.”

ఆయన ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

“ఆగండి,” అంది అక్క. “ముందు నెట్ వైరు ఊడదీయండి. అది ఉంటే లేవగానే కొత్త చరిత్ర దింపుకుని, పాతది పోగొట్టుకుంటుంది.”

నిదానం వెనక్కి తిరిగి చూశాడు. అక్క తల దించుకుంది.

“అయితే మీకు ముందే తెలుసు, ఇందులో పాతది ఉందని.”

“తెలుసు.”

“ఎవరిదో కూడా తెలుసు.”

ఆవిడ పెట్టె వెనక్కి వంగింది. నెట్ వైరు తనే ఊడదీసింది. నిదానం ప్లగ్గు పెట్టాడు. మెషీన్ మూలిగి లేచింది. సాలెగూడు చిరిగి గాల్లో తేలింది. సాలీడు గోడెక్కింది.

లాగినవాడు దాని నోరు నొక్కేశాననుకున్నాడు. ఆ నొక్కడం వల్లే అది బతికింది. లోకమంతా కొత్త చరిత్ర దింపుకుంటున్నప్పుడు అది నిద్రపోతోంది.

తెర వెలిగింది. ‘పెద్ద అంకెలు’ అని ఒక బ్రాంచి. నాలుగు నెలల పాటు సాగింది. గడియారం ఒక్కొక్క మెసేజే పైకి చదివాడు. “తెర రంగు. ఇంకా తెర. మళ్ళీ. సరిచేశాను. మళ్ళీ తెర.” అంతలో అతని గొంతు తగ్గింది. “తాత్కాలికం. ప్రదర్శనలో కూత రాకుండా తనిఖీ ఆపాను. తర్వాత పెట్టాలి.”

రాసినవారి పేరు దగ్గర ‘మేనేజరు’ అని ఉంది.

గడియారం ఆ పేరును ఇంకోసారి చదివాడు.

“ఇక్కడ బ్రాంచి వారం మించి ఉండకూడదని నియమం,” అంది అక్క, నేల వైపు చూస్తూ. “చిన్నచిన్నగా కలపాలి. కలిపినప్పుడల్లా ఇంకొకరు చూడాలి. ఆయన ‘పెద్ద పనమ్మా, పూర్తయ్యాక చూపిస్తాను’ అనేవారు. కొనేవాళ్ళ ముందు ప్రదర్శన ఉందని ఆ తనిఖీ ఆపి ఉంటారు. మరిచిపోయారు. చివరికి నాలుగు నెలల పనినీ ముద్ద చేసి ఒకే కమిట్‌గా కలిపారు. పైన ‘తెర మార్పులు, ఇతర చిన్నవి’ అని రాశారు. ముద్దలో కలిశాక రాయి కంటికి కనబడదు కదండీ, పంటికే తగలాలి.”

“ప్రమాదం జరిగాక ఆ ముద్దని రెండుగా చీల్చి, రాయి ఉన్న ముక్క మీద మీ పేరు రాశాడు.”

“భయపడ్డారు. కావాలని చేసే మనిషి కాదు.”

“మీరెందుకు ఊరుకున్నారు?”

అక్క ఆ పాత కుర్చీలో కూర్చుంది. “మా అత్తగారు మంచాన పడితే ఎనిమిదేళ్ళు ఉద్యోగం మానేశాను. ఆవిడ పోయాక మళ్ళీ వెతుక్కుంటుంటే ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్నారేంటని. ఈయన మాత్రం, ఆ ఎనిమిదేళ్ళలో ఏం చేశారని అడిగారు. పూటకి పదకొండు మందులు, ఒక్కటీ తప్పకుండా వేశానన్నాను. ‘ఇంకేమమ్మా, మనకి కావలసిన మనిషివి నువ్వే, రేపొచ్చేయ్’ అన్నారు. ఆ మాటతోనే మా ఇల్లు నిలబడింది. ఆయన పేరు నా నోటితో ఎలా చెప్పను?”

నిదానం ఆవిడ ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఎదుటి మనిషి బాధ ఆయనకు కొత్త కాదు. పొద్దున్నుంచి తను మోసుకు తిరుగుతున్నదీ అలాంటి బరువే.

“మేలు చేసినవాడిని మరవకూడదమ్మా. నేనొచ్చిందీ అందుకే. కానీ మీరు మోస్తున్నది ఆయన చేసిన మేలు కాదు, ఆయన తప్పు. అది మీ నెత్తిన ఉన్నంతకాలం ఆయనకి దించుకునే దారి లేదు.”

“బాగుంది,” అన్నాడు గడియారం. మాటలో ఎకసెక్కెం లేదిప్పుడు. “కానీ కమిటీ ముందు ఇది నిలబడదు గురువు గారూ. ఈ మెషీన్ పెట్టింది ఈవిడే. ఆపవద్దని రాసిందీ ఈవిడే. పాత చరిత్ర పేరుతో ఈవిడే వండిపెట్టిందంటారు. నేనైతే అదే అంటాను. మేనేజరు నోటితో ఒప్పుకుంటే తప్ప...”

“ఆయన ఎక్కడున్నాడు?”

“మూడింటికే బయటికి వెళ్ళారు. ఫోను తీయడం లేదు.”

అక్క వాళ్ళ మాటలు వినడం లేదు. తెర మీదకి వంగి, కళ్ళజోడు ముక్కు మీద నుంచి పైకి తోసుకుంది. ఇంకో బ్రాంచి పేరు మీద ఆవిడ వేలు ఆగింది.

“ఇది ‘విడుదల’,” అంది. “ఆసుపత్రులకి పంపే వెర్షన్. ఇది ప్రమాదానికి ముందే విడిపోయింది.”

“అంటే?”

“ప్రమాదం తర్వాత తనిఖీని మళ్ళీ పెట్టారు కదా, అది పెద్దకాలువలో పెట్టారు. మీ మాటే అంటున్నాను. ఈ పిల్లకాలువ అంతకుముందే విడిపోయింది. ఇందులో పెట్టలేదు. ఇందులో కూత లేదు. ఇది ఇవాళ... టైమెంతయింది?”

గడియారాన్ని టైము అడిగినవాళ్ళు ఆ రోజు ఆవిడొక్కతే. “నాలుగూ ఐదు.”

“నాలుగింటి నుంచి పంపులకి దిగుతోంది. మొదటి వంతు...” అక్క నిదానం ముఖంలోకి చూసింది. ఆసుపత్రి పేరు చెప్పక్కర్లేకపోయింది.

ఆయన అప్పటికే ఫోను నొక్కుతున్నాడు. ఆ చేతులు తొందరపడగా గడియారం ఎన్నడూ చూడలేదు. ఫోను ఒకసారి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. నర్సు తీసింది. గొంతులో కంగారు.

“మీకే చేయబోతున్నానండీ. మీ ఆవిడకి ట్యూబు పెట్టాను, పంపు మొదలుపెట్టబోతుంటే ఎవరో పెద్దమనిషి పరిగెత్తుకొచ్చాడు. పంపుల కంపెనీ మేనేజరునంటాడు. అన్నీ ఆపేయాలంటూ మంచం మంచానికీ తిరుగుతున్నాడు. నా మాట వినడం లేదు. చివరి మంచం ఆయనకి ఆ మందు మీదే నాడి నిలబడి ఉంది. అది ఆపితే మనిషి దక్కడు.”

అక్క ఫోను అందుకుంది. అడగలేదు, అందుకుంది.

“అమ్మా, నేను అక్కని. ఫోను స్పీకర్లో పెట్టి ఆయన వైపు పట్టుకోండి. సార్. సార్, నేను. చెయ్యి తీయండి.”

అవతల రొప్పుతున్న గొంతు. “అమ్మా, నువ్వా. అన్నీ ఆపేస్తున్నానమ్మా. విడుదలలో పెట్టడం మరిచిపోయాను. దాన్ని రద్దు చేయాలంటే ఇంకొకరి సంతకం కావాలి, ఎందుకని అడుగుతారు, ఏం చెప్పను? అందుకే నేనే...”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న మనిషి గొంతు అది. ఆ ఆకుల్లో ఒకటి చివరి మంచం మనిషి ప్రాణం.

“ఇప్పటికే నడుస్తున్న పంపులో పాత వెర్షనే ఉంటుంది సార్. ఆపి మళ్ళీ మొదలుపెడితేనే కొత్తది దిగుతుంది. నడుస్తున్నదాన్ని మీరు ఆపితేనే ప్రమాదం. ఒక్కొక్కటిగా రండి. ఏ మంచం, ఏం చేస్తున్నారు, ఎందుకు. ఆ మూడూ పైకి చెప్పాలి. నర్సు గారు సరేనన్నాకే చెయ్యి పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మాటే సార్ ఇది. మీరు నవ్వేవారు.”

 తర్వాత ఆ గొంతు, బడిలో నిలబడ్డ పిల్లవాడిలా, మెల్లిగా మొదలుపెట్టింది.

“మొదటి మంచం. ఇంకా మొదలుపెట్టలేదు. మొదలుపెడితే కొత్తది దిగుతుంది. అందుకని ఆపుతున్నాను.”

“సరే,” అంది నర్సు.

“రెండో మంచం. నడుస్తోంది. పాతదే ఉంటుంది. అందుకని... ముట్టుకోను.”

“సరే.”

అలా ఆయన ఒక్కొక్క మంచమే దాటుతుంటే, మెట్ల కింద అక్క గడియారం వైపు తిరిగింది. “కొత్త పంపులకి దిగకుండా విడుదలని ఆపాలి. నా అకౌంట్ మీరు మూసేశారు కదా తమ్ముడూ.”

గడియారం గురువు వైపు చూశాడు. “నిందితురాలి చేతికి తాళం ఇచ్చానని తేలితే నా ఉద్యోగం పోతుంది.”

“మొదటి మంచం మా ఆవిడది,” అన్నాడు నిదానం. “నేనైతే ఇస్తాను.”

“తొందరపడొద్దని మీరే కదా నేర్పారు.”

“నేర్పాను. నువ్వు నేర్చుకున్నావా ఎన్నడైనా?”

గడియారం నవ్వలేదు గానీ, చంకలో ఉన్న తన ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. అక్క అకౌంట్ తెరుచుకుంది. ఆవిడ విడుదలను నిలిపేసింది. ఆపై రద్దు పత్రం తెర మీదకి వచ్చింది. రెండో సంతకం ఎవరిదని అది అడిగితే గడియారం తన పేరే కొట్టాడు. “ఎందుకో కింద నేనే రాస్తాను,” అన్నాడు. “పొడుగ్గానే రాస్తాను.”

ఫోనులో చివరి మంచం దగ్గరికి వచ్చింది గొంతు. “నడుస్తోంది. ఈ మందు ఆగితే నాడి ఆగుతుంది. అందుకని చెయ్యి తీస్తున్నాను.”

“సరే,” అంది నర్సు. ఆ ఒక్క మాటలో ఎంత ఊపిరి ఉందో ఇక్కడికి తెలిసింది.

వెంటనే మరో గొంతు అడ్డం వచ్చింది. “ఏవండీ, వింటున్నారా? నాకేం కాలేదు. పంపు లేదట, నర్సమ్మ చుక్కలు కళ్ళతో లెక్కపెట్టి ఎక్కిస్తుందట. మీరు మాటిమాటికీ ఫోను చేస్తే లెక్క తప్పుతుంది. నోరు మూసుకుని ఉండటం మీకు వచ్చిన విద్యే కదా, ఇప్పుడు పనికొచ్చింది.”

నిదానం గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఆ తిట్టు మొత్తం విన్నాడు.

అక్క తనిఖీని విడుదల బ్రాంచిలో తిరిగి పెట్టింది. మార్పు నాలుగు వరుసలు కూడా లేదు. మెసేజ్ మాత్రం చాలాసేపు రాసింది. రాయడం అయ్యాక ఫోను దగ్గరికి వంగింది.

“సార్, ఉన్నారా? చదువుతున్నాను, వినండి. ‘మోతాదు తనిఖీని విడుదలలో తిరిగి పెట్టడం. ప్రదర్శన కోసం దీన్ని తాత్కాలికంగా ఆపారు. ఆపినట్టు రాసిన మెసేజ్, బ్రాంచిని ముద్ద చేసి కలపడంతో కనబడకుండా పోయింది. తనిఖీని అసలుదాంట్లో తిరిగి పెట్టకముందే విడుదల విడిపోవడం వల్ల ఇందులో సరి కాలేదు. ఇది లేకపోతే పంపు కూత పెట్టదు, మనుషులు పోతారు.’ చివర్న, ‘చూపించింది: మేనేజరు గారు.’ ఎందుకంటే మీరు పరిగెత్తబట్టే మొదటి మంచం దగ్గర ఆగింది సార్. ఇలా రాయనా? మీరు సరే అంటేనే పెడతాను.”

గడియారం ఫోను దగ్గరికి జరిగాడు. అతని చేతికున్న గడియారం ఆడుతున్న చప్పుడు వినబడింది. ఇంకో అరగంటలో కమిటీ కూర్చుంటుంది.

అవతల ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

“నీ పేరు మీద రాసిన ముక్క నాదే అమ్మా,” అన్నాడు మేనేజరు. “ఎవరెవరు వింటున్నారో విననీ. ‘చూపించింది’ అని రాయకు. ‘చేసింది’ అని రాయి.”

అక్క కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంది.

తర్వాత రెండూ రాసింది.